178 అంటే బీపీ కాదు: డయాలిసిస్ యంత్రం అంకెలను చదవడం నేర్చుకున్న ఒక రోగి కేసు

మంగళ, గురు, శనివారాల రెండో షిఫ్టులో డయాలిసిస్ చేయించుకునే 63 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడి భార్య మార్చి నెలాఖరులో ఒక మధ్యాహ్నం కంగారుగా నా దగ్గరికి వచ్చి, "బాబూ, ఆయనకు బీపీ 178 చూపిస్తోంది, పొద్దున మాత్ర వేయలేదు, ఇప్పుడు వేయమంటారా?" అని అడిగారు. వెళ్లి చూస్తే కుడి చేతికి కట్టిన బీపీ పట్టీ 136/78 చూపిస్తోంది. ఆమె చదివిన 178 యంత్రం తెర మీద ఎడమవైపు నిలువు పట్టీల్లో ఒకదాని దగ్గర కనిపించే అంకె, అంటే వీనస్ ప్రెషర్. మూడు లీటర్ల నీరు తీస్తున్న ఆ వేళ ఆమె నన్ను అడగకుండా మాత్ర వేసి ఉంటే బీపీ పడిపోయి ఉండవచ్చు. "అది బీపీ కాదమ్మా, గొట్టంలో ఒత్తిడి" అని చెప్పి నా పనిలో నేను పడ్డాను. నేను చెప్పినది తప్పు కాదు గాని, సగమే. ఆ ఒత్తిడి 178 దాకా ఎందుకు చేరిందని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. అడగవలసినవాణ్ని నేను.

గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో, జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే పథకం కింద డయాలిసిస్ జరిగే కేంద్రంలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. ఈ కేసును రోగి అనుమతితో రాస్తున్నాను. ఆయనెవరో గుర్తుపట్టగల వివరాలు మార్చాను, వైద్యపరమైన అంకెలు మార్చలేదు. ఆయన్ని మా కేంద్రంలో అందరూ పిలిచినట్టే ఇక్కడా మాస్టారు అంటాను. ఇరవై ఏళ్ల మధుమేహం వల్ల ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. డయాలిసిస్ మొదలై రెండేళ్లయింది. ముంజేతి సిరలు ఆసుపత్రుల్లో రక్తపరీక్షలకూ సెలైన్లకూ పాడైపోవడంతో, 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో తదితర వైద్యులు ప్రచురించిన మణికట్టు ఫిస్టులా (డయాలిసిస్ సూదులు వేయడానికి ధమనిని సిరకు కలిపి చేసే దారి) ఆయనకు కుదరక, ఎడమ మోచేయి దగ్గర ధమనిని సిరకు కలిపి ఫిస్టులా చేశారు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 58 కిలోలు. డాక్టరుగారు రాసిచ్చిన ప్రకారం 16 గేజి సూదులు, నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తప్రవాహం, 500 మిల్లీలీటర్ల డయాలిసేట్ (రక్తంలోని మలినాలను లాక్కునే ద్రవం) ప్రవాహం, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు.

రక్తం నడిచే దారి

తెర మీది అంకెల్ని విడివిడిగా బట్టీపట్టడం కంటే రక్తం నడిచే దారిని ఒకసారి మనసులో గీసుకోవడం తేలిక అని నా అనుభవం. ఫిస్టులాలో రెండు సూదులుంటాయి. ఒక సూది గుండా పంపు రక్తాన్ని లాగుతుంది. పంపు దాటాక రక్తం డయలైజర్‌లోకి, అంటే రోగులు ఫిల్టరు అని పిలిచే ఆ గొట్టంలోకి వెళ్తుంది. అక్కడ శుభ్రపడి, గాలిబుడగల్ని పట్టే చిన్న గది మీదుగా రెండో సూదికి చేరి, మళ్లీ ఒంట్లోకి పోతుంది. పంపుకు ముందున్న ఒత్తిడి ఆర్టీరియల్ ప్రెషర్. స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినప్పుడు స్ట్రాలో ఉండేలాంటి పీల్పుడు ఒత్తిడి కాబట్టి దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది. ఆ మైనస్‌ను చూసి ఏదో లోపం జరిగిందనుకునే రోగులు చాలామంది ఉన్నారు. మైనస్ ఉండడమే సహజం, అది మైనస్ 200 దాటి లోతుకు పోతున్నప్పుడే ఆలోచించాలి. గాలిబుడగల గది దగ్గర కొలిచేది వీనస్ ప్రెషర్. శుభ్రపడిన రక్తం రెండో సూదిలోంచి ఒంట్లోకి పోవడానికి ఎంత అడ్డు తగులుతున్నదో అది చెబుతుంది. రెండింటినీ కొలిచేది పాదరసపు మిల్లీమీటర్లలోనే, బీపీని కొలిచే కొలమానమూ అదే. మాస్టారి భార్య పొరబడడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

వీనస్ ప్రెషర్‌ను మూడు సంగతులు శాసిస్తాయి. సూది ఎంత సన్నగా ఉంది, పంపు ఎంత వేగంగా తోస్తోంది, సూది దాటిన తర్వాత సిర ఎంత తెరిచి ఉంది. మొదటి రెండూ మన చేతిలోవి, మూడోది రోగి చేతి లోపలిది. మొదటి రెండింటినీ కదలకుండా ఉంచితేనే మూడోదాని మాట మనకు వినిపిస్తుంది. ఈ కేసంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది. నేను దీన్ని డిప్లొమాలో చదివాను, కొత్తగా చేరిన పిల్లలకు పాఠంగా చెప్పాను, అయినా మూడు నెలలపాటు పాటించలేదు.

నోటుపుస్తకం

178 సంగతి జరిగిన తర్వాతి సెషన్‌కు మాస్టారు గీతలు కొట్టిన రెండు వందల పేజీల నోటుపుస్తకంతో వచ్చారు. "ఏమయ్యా, మా ఆవిడ నీ దగ్గర ఒక అంకె తప్పు చదివిందట. తప్పు చదవకూడదంటే ఏది చదవాలో చెప్పు" అన్నారు. ఆ రోజు ఆయన పడక పక్కన పది నిమిషాలు నిలబడి, ప్రతి గంటకూ రాసుకోమని ఐదు అంకెలు చెప్పాను. పంపు స్పీడు, ఆర్టీరియల్ ప్రెషర్, వీనస్ ప్రెషర్, బీపీ, అప్పటికి తీసిన నీరు. చివర్లో రాసుకోమని ఇంకొకటి చెప్పాను, ఆ సెషన్‌లో పంపు గుండా ప్రవహించిన మొత్తం రక్తం. నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు ఆగకుండా నడిస్తే అది 72 లీటర్లు కావాలి. ఆగిన ప్రతి నిమిషమూ, తగ్గించిన ప్రతి స్పీడూ ఆ మొత్తంలోంచి కోసుకుపోతుంది.

నీటి లెక్క ఆయనకు వెంటనే పట్టుబడింది. వచ్చినప్పటి బరువులోంచి డ్రై వెయిట్ తీసేసి, చివర్లో గొట్టాల్లోని రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపడానికి వాడే సెలైన్, మధ్యలో తాగే టీ, తినే ఇడ్లీ కలిపితే యూఎఫ్ గోల్, అంటే ఆ సెషన్‌లో తీయవలసిన నీరు, వస్తుంది. మే నెలలో ఒక గురువారం 61.4 కిలోలతో వచ్చారు. 3.4 లీటర్లకు సెలైన్, టీ కింద 0.4 కలిపి 3.8 లీటర్లు పెట్టాం. గంటకు 950 మిల్లీలీటర్లు, కిలో బరువుకు గంటకు 16 మిల్లీలీటర్లకు పైనే. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లు దాటి నీరు లాగడం గుండెకు మంచిది కాదని మూత్రపిండ వైద్యులు హెచ్చరిస్తారు. మూడో గంటలో ఆయనకు పిక్కలు పట్టేశాయి, బీపీ 92కు దిగింది. కొత్తావకాయ కలిపిన రోజులవి, ఉప్పు, దాహం, నీళ్లు, తర్వాత కథ చెప్పనక్కర్లేదు. ఆ సంగతి డాక్టరుగారితో మాట్లాడి, బరువు ఎక్కువగా వచ్చిన రోజున ఒక గంట అదనంగా ఉండేటట్టు ఒప్పించాం. అదే 3.8 లీటర్లను ఐదు గంటల్లో తీస్తే కిలోకు 13కు కాస్త పైన ఆగుతుంది. ఆవకాయ మీద అదుపు వచ్చాక ఆ అవసరం పెద్దగా రాలేదు.

తెర మీద ఇంకా కొన్ని అంకెలుంటాయి. కండక్టివిటీ 14 దగ్గర ఉంటుంది, డయాలిసేట్‌లో లవణాలు సరైన పాళ్లలో కలిశాయని దాని అర్థం. అది హద్దు దాటితే యంత్రం అరిచి, డయాలిసేట్‌ను డయలైజర్‌లోకి పోనివ్వకుండా పక్కకు మళ్లిస్తుంది. చాలాసార్లు కారణం బైకార్బనేట్ క్యాను అడుగంటడమే. ఉష్ణోగ్రత సాధారణంగా 36, 37 మధ్య పెడతాం, బీపీ పడిపోయేవారికి కొంచెం తగ్గిస్తాం. రోగి వీటిని చూసి ఆందోళన పడవలసింది లేదు, అలారం మోగినప్పుడు సిబ్బంది ఏం చేస్తున్నారో అడిగితే చాలు. బటన్లు మాత్రం ముట్టుకోకూడదు. ఆ మాట మాస్టారికి మొదటి రోజే చెప్పాను, ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అలారం ఆపడానికి మేం చేసిన పని

ఏప్రిల్ మొదటి పది రోజుల్లో ఆయన పుస్తకంలో వీనస్ ప్రెషర్ 182, 186, 190, 198 అని వరసగా ఉంది, స్పీడు 300 దగ్గరే. రెండో వారంలో 205 దాటి, ఆయన చెయ్యి కదిపినప్పుడల్లా అలారం మోగడం మొదలైంది. అలారం మోగితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే రక్తం గొట్టాల్లో నిలుస్తుంది, పక్క పడకల్లో నిద్రపోతున్నవారు లేస్తారు. ఆరు యంత్రాలను ఇద్దరం చూసుకునే షిఫ్టులో మేం చేసే మొదటి పని స్పీడు తగ్గించడం. 300ను 270 చేశాం, ఒత్తిడి 180కి దిగింది. అలారం ఆగింది. వారం తర్వాత 250, నెలాఖరుకు 240. ఏ ఒక్కరోజు చూసినా షీటు మీద అంకె 170, 180 దగ్గర కుదురుగా కనిపిస్తుంది. షిఫ్టు మారినప్పుడు వచ్చిన టెక్నీషియన్ నిన్నటి స్పీడు చూసి అదే పెడతాడు. డాక్టరుగారి ఆదేశంలో మాత్రం 300 అలాగే ఉండిపోయింది.

ఇక్కడ యంత్రం స్వభావం ఒకటి చెప్పాలి. మా దగ్గరున్న రకం యంత్రాల్లో పంపు స్పీడు మార్చిన కాసేపటికి వీనస్ ప్రెషర్ అలారం హద్దులు ఆ కొత్త అంకెకు అటూ ఇటూగా మళ్లీ అమరుతాయి. హఠాత్తుగా వచ్చే మార్పును పట్టుకోవడానికి అది మంచి ఏర్పాటు. సూది జారిపోతే, గొట్టం మెలిపడితే యంత్రం వెంటనే అరుస్తుంది. కానీ వారం వారం ఐదు పాయింట్ల చొప్పున పెరిగేదాన్ని అది ఎప్పటికీ పట్టుకోలేదు, ఎందుకంటే దాని జ్ఞాపకం ఆ నాలుగు గంటలకే. మా షీట్లలో అంకెలన్నీ ఉన్నాయి గాని, ఏ రోజు షీటు ఆ రోజు ఫైల్లోకి పోతుంది, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి ఎవరూ చూడరు.

ఇంతలో మాస్టారి భార్య ఇంకొక సంగతి చెప్పారు. సూదులు తీశాక ఒకప్పుడు పది నిమిషాలు గాజ్ గుడ్డ నొక్కి పట్టుకుంటే రక్తం ఆగేదని, ఇప్పుడు పాతిక నిమిషాలైనా ఆగడం లేదని, ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోతోందని. మేం దాన్ని హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, ఎక్కువైందని అర్థం చేసుకున్నాం. డాక్టరుగారికి ఫోనులో రక్తం ఆగడం లేదన్న ఒక్క ముక్క చెప్పాం, స్పీడు తగ్గించిన సంగతి చెప్పలేదు. ఆయన 5,000 యూనిట్ల హెపారిన్‌ను 3,000కు తగ్గించమన్నారు. మేం ఆయనకు చేరవేసిన సమాచారానికి ఆ నిర్ణయం సరైనదే. హెపారిన్ తగ్గింది, స్పీడు ముందే తగ్గి ఉంది, రక్తం నెమ్మదిగా పారుతోంది. రెండు వారాల్లో డయలైజర్‌లో గడ్డలు కట్టడం మొదలైంది. డయలైజర్ పొరకు రెండువైపులా ఉండే ఒత్తిడి తేడాను, అంటే టీఎంపీని, నేను రోగులకు సాధారణంగా నేర్పను. కానీ మే మూడో వారంలో మొదటి గంటలో 60 ఉన్న టీఎంపీ చివరి గంటలో 140కి చేరింది. విప్పి చూస్తే డయలైజర్‌లో తెల్లగా ఉండవలసిన పోగుల మధ్య నల్లటి చారలు. మళ్లీ వాడడానికి కడిగి కొలిస్తే దాని లోపలి పరిమాణం మొదటిదానిలో 80 శాతం కంటే తగ్గిపోవడంతో పారేయవలసి వచ్చింది. అంటే లోపల ఒక్కటే జబ్బు, పైకి మాత్రం అలారం, రక్తస్రావం, గడ్డలు అని మూడు ముఖాలు. మేం ఒక్కో ముఖానికి విడివిడిగా మందు వేస్తూ పోయాం.

"ఎంతకి వచ్చాయయ్యా?"

మే నెలాఖరులో ఒక శనివారం మాస్టారు నన్ను పిలిచి పుస్తకం తెరిచారు. నేను వీనస్ ప్రెషర్ వరస మీద వేలు పెట్టి, "ఏప్రిల్‌లో 205, ఇప్పుడు 190. తగ్గింది కదండీ మాస్టారూ" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ముప్పై నాలుగేళ్లు పేపర్లు దిద్దినవాణ్ని. పిల్లాడికి నలభై వచ్చాయంటే ముందు అడిగేది ఎంతకి అని. వందకా, యాభైకా? 205 వచ్చింది 300కి. 190 వచ్చింది 240కి. మార్కులు తగ్గలేదయ్యా, మీరు పేపరు మార్చారు" అన్నారు. ఆయన వేలు స్పీడు వరస మీద ఉంది. ఆ పేజీ అడుగున ఆ రోజు ప్రవహించిన మొత్తం రక్తం 54 లీటర్లు అని ఎర్ర సిరాతో రాసి ఉంది. 240 చొప్పున నాలుగు గంటలకు 57 కావాలి, మిగిలింది అలారాలకు పోయింది. ఏప్రిల్ మొదటి పేజీలో అదే చోట 71 అని ఉంది.

అప్పుడు నేను ఫైళ్లు తీయించి జనవరి నుంచి ఆయన షీట్లన్నీ బల్ల మీద వరసగా పరిచాను. 300 స్పీడు దగ్గర, అదే 16 గేజి సూదితో, జనవరిలో 125 నుంచి 130. ఫిబ్రవరిలో 140 చుట్టుపక్కల. మార్చి మొదట్లో 160, నెలాఖరుకు ఆ 178. చాలా షీట్ల మీద చేతిరాత నాదే. ఆర్టీరియల్ ప్రెషర్ మాత్రం 300 స్పీడు ఉన్నన్నాళ్లూ మైనస్ 110, మైనస్ 130 మధ్యనే నిలకడగా ఉంది. ఈ రెండో వరస కూడా ఒక సాక్ష్యమే. ఫిస్టులాలోకి వచ్చే రక్తానికి లోటు లేదు, అక్కణ్నుంచి గుండెవైపు పోయే దారే మూసుకుపోతోంది. ఫిస్టులా మొదట్లోనే, ధమని దగ్గర, ఇరుకు ఏర్పడి ఉంటే పీల్పుడు ఒత్తిడి మైనస్ 200 దాటి దిగేది, వీనస్ ప్రెషర్ పెరిగేది కాదు.

డెల్టా మనుషులకు దీన్ని చెప్పడం కష్టం కాదు. కాలువ దిగువన గుర్రపుడెక్క పట్టుకుంటే ఎగువన నీటిమట్టం లేస్తుంది, గట్టుకు చిన్న బొరియ ఉన్నా నీళ్లు తన్నుకొస్తాయి. సూది తీసిన రంధ్రం ఆ బొరియలాంటిది. పాతిక నిమిషాలు రక్తం ఆగకపోవడం హెపారిన్ తప్పు కాదు, లోపల మట్టం లేవడం.

ఆ రోజు డయాలిసిస్ రక్తాన్ని ఎంత శుభ్రం చేసిందో చెప్పే యూరియా పరీక్ష చేశాం. ఏప్రిల్‌లో చేయవలసిన పరీక్ష వాయిదా పడి ఉంది. డయాలిసిస్ అయ్యాక నమూనాను పంపు స్పీడు 100కు తగ్గించి, పదిహేను సెకన్లు ఆగి తీయాలి, లేకపోతే అప్పుడే శుభ్రపడి వచ్చిన రక్తం కలిసి ఫలితం అందంగా కనిపిస్తుంది. జనవరిలో యూరియా 128 నుంచి 41కి దిగింది, అంటే 68 శాతం తగ్గుదల, కేటీ బై వీ (డయాలిసిస్ ఎంత సరిపోయిందో చెప్పే ఇంకొక కొలత) 1.39. మే చివర 146 నుంచి 63కే దిగింది, 57 శాతం, కేటీ బై వీ 1.05. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి 65 శాతం, 1.2 కంటే తగ్గకూడదన్నది అందరూ ఒప్పుకున్న కనీస హద్దు. రెండు నెలలుగా ఆయన నాలుగేసి గంటలు పడుకుని మూడు గంటల డయాలిసిస్ పొందుతున్నారన్నమాట. అన్నం సహించడం లేదని, రాత్రిళ్లు దురద అని ఆయన భార్య మే నెలంతా చెబుతూనే ఉన్నారు, వేసవి అని అందరం సరిపెట్టుకున్నాం.

చేతిని పైకెత్తితే

సోమవారం డాక్టరుగారు వచ్చి ఫిస్టులాను చేత్తో పరీక్షించారు. ఇది ప్రతి రోగీ ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే పిల్లి గురగురలాడినట్టు ఎడతెగని ప్రకంపన తెలుస్తుంది. మాస్టారి మోచేయి పైభాగాన ఆ గురగుర తగ్గి, నాడి కొట్టినట్టు దబదబమని విడివిడి దెబ్బలు తగిలాయి. తర్వాత చేతిని తల పైకి ఎత్తించారు. దారి తెరిచి ఉంటే ఎత్తిన చేతిలోని రక్తం గుండెవైపు జారిపోయి ఉబ్బిన సిర మెత్తబడి కుంగాలి. ఆయనది మోచేతి నుంచి భుజం దాకా అలాగే బిర్రుగా నిలిచింది. "ఇరుకు భుజం దగ్గర ఉంటుంది" అని డాక్టరుగారు అప్పుడే అన్నారు. మోచేయి ఫిస్టులాల్లో సిర భుజం దగ్గర వంపు తిరిగి కాలర్ ఎముక కిందికి దిగే చోట ఇరుకు ఏర్పడడం తరచుగా చూసేదే.

విజయవాడలో ఫిస్టులోగ్రామ్ చేశారు. రంగుమందు ఎక్కించి తీసిన ఆ చిత్రంలో మోచేతి నుంచి వేలంత లావున వచ్చిన సిర భుజం వంపు దగ్గర అగ్గిపుల్లంత సన్నబడి, దాటాక మళ్లీ విచ్చుకుంది. దాదాపు 75 శాతం మూసుకుపోయిందని నివేదిక. అదే బల్ల మీద బెలూన్‌తో విప్పారు. చేయించుకుని వచ్చిన మర్నాడు మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏంటయ్యా, ఇవాళ పేపరు ఎంతకి?" 300కే పెట్టాం. వీనస్ ప్రెషర్ 128. ఆర్టీరియల్ మైనస్ 120. నాలుగు గంటల్లో ఒక్క అలారం లేదు, మొత్తం రక్తం 72 లీటర్లు. సూదులు తీశాక తొమ్మిది నిమిషాలకు రక్తం ఆగింది. హెపారిన్‌ను తిరిగి 5,000 చేశారు. నెల తర్వాత యూరియా 130 నుంచి 40కి, అంటే 69 శాతం, కేటీ బై వీ 1.44.

ఇంకో రెండు వారాలు అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో ఇతర రోగుల్లో చూశాను. ఏదో ఒక రాత్రి బీపీ పడిపోయినప్పుడు ఇరుకు దగ్గర రక్తం నిలిచి గడ్డకడుతుంది, తెల్లారేసరికి చేతిలో గురగుర ఉండదు. మెడలో తాత్కాలిక క్యాథెటర్ గొట్టం వేస్తారు, దానితోపాటు ఇన్ఫెక్షన్ల భయం వస్తుంది. కొత్త ఫిస్టులా చేసినా సూది వేయడానికి పక్వం కావాలంటే వారాలు పడుతుంది. మాస్టారికి కుడి చేతిలో ఫిస్టులాకు పనికొచ్చే సిర కూడా లేదు.

ఈ కేసు విన్న కొందరు రోగులు వీనస్ ప్రెషర్ పెరగగానే భయపడుతున్నారు కాబట్టి ఒక వివరణ ఇవ్వాలి. ఒక్కరోజు పెరిగితే అది చాలావరకు సూది సంగతే. సూది మొన సిర గోడకు తగిలి ఉండవచ్చు, గొట్టం మోచేతి కింద నలిగి ఉండవచ్చు, బుడగల గదిలో చిన్న గడ్డ ఉండవచ్చు. సూది కొంచెం తిప్పితేనో, గొట్టం సరిచేస్తేనో దిగుతుంది. అదే సూది, అదే స్పీడు ఉండగా వరసగా మూడు సెషన్లలో అంకె పాతదానికంటే పైనే నిలిస్తే అప్పుడు చెప్పాలి. ఇక అంకె ఉన్నట్టుండి పడిపోవడం వేరే సంగతి, దానికి మూడు సెషన్లు కాదు, మూడు నిమిషాలు కూడా ఆగకూడదు. తిరుగు సూది ఊడి వచ్చి రక్తం పక్క మీదికి పోతున్నా యంత్రం కొన్నిసార్లు గమనించదు, సూది సన్నదనమే అడ్డుగా నిలిచి ఒత్తిడిని హద్దుల్లోపలే ఉంచుతుంది. ఏసీ చలికి ఫిస్టులా చేతిని దుప్పటిలో దాచుకోవద్దని మేం పోరేది అందుకే. ఈ ఒక్క విషయంలో అంకెల కంటే కళ్లను నమ్మాలి.

మా కేంద్రంలో తర్వాత మారినవి రెండే. ప్రతి రోగి ఫైలు మొదట్లో ఒక అట్ట పెట్టాం, ప్రతి సెషన్‌లో అరగంట తర్వాత వచ్చే వీనస్ ప్రెషర్‌ను దాని మీద పక్కపక్కన, స్పీడును భిన్నంలో హారంలా కింద పెట్టి రాస్తాం. మాస్టారి మాట ప్రకారం దాన్ని అందరం మార్కుల అట్ట అంటున్నాం. రెండోది, ఆదేశంలో ఉన్న స్పీడు కంటే తగ్గిస్తే ఎవరు, ఎందుకు తగ్గించారో ఆ రోజే డాక్టరుగారికి తెలియాలి. ఈ రెండో నియమం మీద మా వాళ్లు కొన్నాళ్లు గొణిగారు, నాకూ మొదట్లో చిరాకుగానే ఉండేది.

భుజం వంపు దగ్గరి ఇరుకు బెలూన్‌తో విప్పినా మళ్లీ వచ్చే రకం. నవంబరులో మాస్టారి అట్ట మీద 300 హారానికి పైన 146, 153, 158 వరసగా మూడు పడ్డాయి. మూడోది నేనింకా రాయకముందే ఆయన తన పుస్తకంలో రాసేసి, పెన్ను మూసి, ఎడమ చేతిని నెమ్మదిగా పైకెత్తి నావైపు చూశారు. సిర సగమే కుంగింది. ఆ రోజు అలారం మోగలేదు, మేం స్పీడు తగ్గించలేదు. గురువారం సాయంత్రం విజయవాడకు ఫోను చేసి, వచ్చే సోమవారానికి తేదీ తీసుకున్నాం.